సంచి తీశాక దిగేదేమిటి? యోని పైకొసకు చేసే శస్త్రచికిత్సలు - తెలుగు మాటల పరిశీలన

వ్యాససంగ్రహం

గర్భాశయాన్ని తొలగించిన కొన్నేళ్ళకు కొందరు స్త్రీలలో యోని పైకొస కిందికి దిగుతుంది. దీనికి ఆధునిక వైద్యంలో ఒకటి కాదు, పలు శస్త్రచికిత్సా మార్గాలున్నాయి. వాటిలో ఏది తగినదన్నది శరీరస్థితితో పాటు ఆ స్త్రీ తన జీవితంలో దేనికి విలువ ఇస్తుందన్న దానిపై కూడా ఆధారపడుతుంది. తెలుగులో ఈ సమస్యకు స్థిరమైన పేరు లేదు. వాడుకలో ఉన్న మాటలు గర్భాశయాన్ని 'సంచి'గా చూపి, దాన్ని నిలిపి ఉంచే ఆధారాలను మరుగుపరుస్తున్నాయి. ఆ మాటలనూ వాటి వెనకనున్న రూపకాలనూ పరిశీలించి, అవి చికిత్స ఎంపికను ఏ మేరకు కుదిస్తున్నాయో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గర్భసంచి, పెద్దాపరేషన్, భ్రంశం, రూపకం, పారిభాషిక పదాలు, మెష్, సమ్మతి.

1. ఉపోద్ఘాతం

గర్భాశయాన్ని తెలుగువారు 'గర్భసంచి' అంటారు. వాడుకలో ఇంకా కుదించి 'సంచి' అంటారు. 'సంచి పాడైంది', 'సంచి జారింది', 'సంచి తీసేశారు' అనే మూడు వాక్యాలు తెలుగునాట స్త్రీల ఆరోగ్య చరిత్రలో ఒక పెద్ద భాగాన్ని చెబుతాయి. సంచి అనేది వస్తువులు పెట్టుకునేది. అవసరం తీరాక మడిచి పక్కన పెట్టవచ్చు, చిరిగితే పారేయవచ్చు. బిడ్డలు పుట్టడం అయిపోయాక సంచితో పనేమిటన్న వాదానికి సగం బలం ఆ మాటలోనే ఉంది.

ఈ రూపకం చెప్పలేని స్థితి ఒకటుంది. గర్భాశయం తొలగించాక యోని పైభాగాన్ని కుట్టి మూసివేస్తారు. ఆ కుట్టిన కొస కాలక్రమంలో తన స్థానం నుంచి కిందికి దిగవచ్చు. తీవ్రమైనప్పుడు తిరగేసిన జేబులా బయటికి రావచ్చు. ముందున్న మూత్రాశయం, వెనకనున్న పేగు దానితో పాటు దిగవచ్చు. మూత్రం పూర్తిగా రాకపోవడం, నడుము బరువు, కూర్చున్నప్పుడు ఉండలా తగలడం వంటి బాధలు మొదలవుతాయి. ఆ స్త్రీ దగ్గర ఉన్న మాట మాత్రం 'సంచి జారింది' అనేదే. తీసేసిన సంచి మళ్ళీ ఎలా జారిందని వినేవారికి సందేహం, చెప్పేవారికి సంకోచం. లేని అవయవం పేరుతో ఉన్న బాధను చెప్పుకోవలసి రావడం భాషాపరమైన సమస్యే. అది చికిత్స దాకా వెళ్ళే సమస్య కూడా.

2. 'పెద్దాపరేషన్' తర్వాతి మాట

తెలుగు పల్లెల్లో స్త్రీ శరీరంపై జరిగే శస్త్రచికిత్సలకు ఒక వరుస ఉంది. 'పిల్లల ఆపరేషన్' అంటే కుటుంబ నియంత్రణ. 'పెద్దాపరేషన్' అంటే చాలాచోట్ల గర్భాశయం తొలగింపు. కొన్నిచోట్ల కాన్పుకోసం కడుపు కోయడాన్ని కూడా అలాగే అంటారు. 'పెద్ద' అన్న విశేషణం తర్వాత ఇంకేమీ ఉండదన్న ధ్వని ఉంది. అంతటితో ఆడ శరీరం కథ ముగిసిందని, ఇక ఆసుపత్రి అవసరం లేదని ఆ మాట హామీ ఇస్తుంది. ఆ తర్వాత రావలసిన ఆపరేషన్‌కు ఈ వరుసలో పేరు లేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత (2015-16) ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భాశయం తొలగించుకున్నవారు దేశం మొత్తంమీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఐదో విడతలోనూ ఈ రెండు రాష్ట్రాలు దేశ సగటుకు రెట్టింపు కంటే పైనే ఉన్నాయి. ముప్పైలలో గర్భాశయం పోయిన స్త్రీ ఆ తర్వాత మూడు నాలుగు దశాబ్దాలు జీవించవలసి ఉంటుంది. వీరందరికీ యోని పైకొస దిగుతుందని కాదు. మొదటి శస్త్రచికిత్స ఎందుకు జరిగిందన్నదాన్ని బట్టి ముప్పు మారుతుంది. బ్రిటన్‌లోని రాయల్ కాలేజీ ప్రసూతి, స్త్రీవ్యాధి నిపుణులకు ఈ సమస్యపై 2015లో ఇచ్చిన మార్గదర్శకం ఒక అధ్యయనాన్ని ఉదాహరిస్తుంది. గర్భాశయం దిగిందని తొలగించినవారిలో 11.6 శాతం మందికి, ఇతర సాధారణ కారణాలతో తొలగించినవారిలో 1.8 శాతం మందికి ఈ స్థితి వచ్చిందని ఆ అధ్యయనం చెబుతుంది.

ఈ రెండు అంకెల మధ్య తేడా గమనించదగినది. గర్భాశయం దిగినందుకు దాన్ని తీసివేయడం దిగడానికి పూర్తి పరిష్కారం కాదని ఆ తేడా చెబుతోంది. 'జారిన సంచిని తీసేస్తే సరి' అన్న వాక్యం వ్యాకరణరీత్యా నిర్దుష్టం, తర్కరీత్యా దుష్టం.

ఆధునిక తెలుగు సాహిత్యం స్త్రీ శరీరాన్ని పట్టించుకోలేదని అనడానికి వీల్లేదు. కొండేపూడి నిర్మల 'లేబర్‌రూం', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' కవితలు స్త్రీవాద చర్చల్లో తరచు ప్రస్తావనకు వచ్చేవే. 'సవాలక్ష సందేహాలు' వంటి పుస్తకం స్త్రీల ఆరోగ్యాన్ని స్త్రీల మాటల్లో చర్చించే దారి వేసింది. అయితే విమర్శ ఎక్కువగా నిలిచింది రజస్వల, గర్భం, కాన్పు, గర్భస్రావం దగ్గరే. పునరుత్పత్తి ముగిసిన తర్వాతి శరీరం ఆ చర్చలో పలచబడింది. పురుష దృష్టిలో స్త్రీ శరీరం ఎక్కడ ముగుస్తుందో, దాన్ని ప్రశ్నించిన విమర్శ కూడా ఇంచుమించు అక్కడే ఆగిందనడం కటువుగా తోచవచ్చు గాని అసత్యం కాదు.

3. భ్రంశం, జారడం, దిగడం

ఈ వ్యాధికి మూడు క్రియలు పోటీ పడుతున్నాయి.

మొదటిది సంస్కృతం నుంచి వచ్చిన 'భ్రంశం'. ఆయుర్వేదంలో 'గుదభ్రంశం' ప్రసిద్ధమైన మాట. దాని పద్ధతిలోనే 'గర్భాశయ భ్రంశం', 'యోని భ్రంశం' అన్న మాటలు ఏర్పడ్డాయి. సంస్కృతంలో భ్రంశమంటే కింద పడడం, తొలగిపోవడం. తెలుగు చెవికి మాత్రం ఆ ధాతువు 'భ్రష్టు పట్టడం', 'భ్రష్టురాలు', 'ధర్మభ్రంశం' అన్న బంధువులతో కలిసి వినిపిస్తుంది. వైద్యుడు కాగితం మీద రాసే 'యోని భ్రంశం' శరీరశాస్త్రానికి చెందినదే. అది చదివి వినిపించే ఇంటిలో మాత్రం అది శీలానికి చెందిన మాటగా మారే ప్రమాదం ఉంది. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రంలోని యోనివ్యాపత్తుల ప్రకరణం 'ప్రస్రంసిని' అన్న మరో మాట వాడింది. జారడమనే అర్థమున్న ఆ మాటకు తెలుగులో నైతిక బంధుత్వాలు లేవు. కాని అది వాడుకలోకి రాలేదు, ఇప్పుడు తెచ్చినా పండితులకే పరిమితమవుతుంది.

రెండోది 'జారడం'. అచ్చతెలుగు, అందరికీ అర్థమయ్యేది. అయినా 'కాలు జారింది' అన్న జాతీయాన్ని తెలుగు సమాజం ఎవరి విషయంలో వాడుతుందో గుర్తు చేసుకుంటే ఇందులోని చిక్కు తెలుస్తుంది. జారడంలో జారినదాని అజాగ్రత్త సూచితమవుతుంది. బరువులు మోసిందనీ, బాలింతగా ఉన్నప్పుడు విశ్రాంతి తీసుకోలేదనీ స్త్రీనే తప్పుపట్టడానికి ఈ క్రియ అనుకూలంగా ఉంటుంది. బాలింత బరువు మోయవలసి రావడం ఆమె ఎంపిక కాదన్న సంగతి క్రియలో ఇమడదు.

మూడోది 'దిగడం'. 'గర్భసంచి దిగింది' అని కొందరు అంటారు. ఇందులో నింద లేదు. ఎంత దిగిందో కొలవడానికి కూడా వీలుంటుంది. 1996 నుంచి అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న కొలత పద్ధతి, కన్యాపొర ఉండే గీతను సున్నాగా తీసుకుని, దానికి ఎన్ని సెంటీమీటర్ల పైన లేదా కింద ఉందో నమోదు చేస్తుంది. 'రెండు సెంటీమీటర్లు దిగింది' అనవచ్చు. 'రెండు సెంటీమీటర్లు భ్రష్టమైంది' అనలేం.

ఇక ఏది దిగింది? ఆంగ్ల వైద్యపదం ఆ భాగాన్ని కమాను పైకప్పుతో పోలుస్తుంది. 'యోని కప్పు' అని అనువదిస్తే ఇంటి కప్పు కంటే ముందు టీ కప్పు, రుతుస్రావానికి వాడే కప్పు తడతాయి. 'యోని శిఖరం' గంభీరంగా ఉంది. గుడిగోపురం గుర్తుకొచ్చి అసలు విషయం దూరమవుతుంది. 'యోని పైకొస దిగడం' అన్న ప్రయోగమే ఈ వ్యాసంలో స్వీకృతమైంది. అందులో అలంకారం లేదు, అదే దాని యోగ్యత.

4. ఉట్టి

యోని పైకొస ఎందుకు దిగుతుందో తెలియకపోతే దాన్ని ఎక్కడ కట్టాలన్న చర్చ అర్థం కాదు. ఈ రంగంలో తరచు ప్రస్తావించే వ్యాసం జాన్ డిలాన్సీ 1992లో రాసినది. గర్భాశయం తొలగించాక యోని తిరగబడడాన్నే ఆయన తన పరిశీలనకు ఆధారం చేసుకున్నాడు. ఆయన ఆధారాలను మూడు అంతస్తులుగా చూపాడు. పైఅంతస్తులో గర్భాశయ ముఖాన్నీ యోని పైభాగాన్నీ వెనకకు, పైకి లాగి వేలాడదీసే బంధకాలు. మధ్య అంతస్తులో యోనిని రెండు పక్కల కటిగోడలకు పట్టి ఉంచే కణజాలం. కింది అంతస్తులో మూలాధారపు కండర, కణజాలాలతో కలయిక. పైకొస దిగడం ప్రధానంగా మొదటి అంతస్తు వైఫల్యం.

దీన్ని బోధించడానికి పాశ్చాత్య పాఠ్యగ్రంథాలు రేవులో కట్టిన ఓడ ఉపమానం వాడతాయి. కటి అడుగు కండరాలు నీరు, బంధకాలు ఓడను కట్టిన తాళ్ళు. నీరు ఇంకిపోతే బరువంతా తాళ్ళ మీద పడి అవి తెగుతాయి. తెలుగింట్లో దీనికి దగ్గరి వస్తువు ఉట్టి. పైదూలం నుంచి దిగిన తాళ్ళు కుండను పట్టి ఉంచుతాయి. తాళ్ళు సాగి కుండ కిందికి వేలాడితే కుండను తీసేయడం ఒక పని, తాళ్ళను సరిచేయడం వేరొక పని. మొదటిది చేసినంత మాత్రాన రెండోది జరిగినట్టు కాదు. 'సంచి' రూపకంలో కుండ మాత్రమే ఉంది, తాళ్ళు లేవు. అందులోని లోపమంతా అదే.

ఉట్టి ఉపమానానికీ పరిమితి ఉంది. అందులో కింది కండరాలకు చోటు లేదు. ఆ పని ఓడ కింది నీరే బాగా చెబుతుంది. అయినా గర్భాశయం తొలగించేటప్పుడే తెగిన బంధకాల కొసలను యోని పైకొసకు తిరిగి కట్టాలన్న జాగ్రత్తను ఉట్టి సులభంగా వివరిస్తుంది. 1957లో మెకాల్ వివరించిన కుట్టు పద్ధతి ఆ జాగ్రత్తకే చెందుతుంది. కుండను దించకుండానే తాళ్ళు బిగించే ఆలోచన భారతదేశానికి కొత్త కాదు. పురందరే, శిరోద్కర్ వంటి బొంబాయి వైద్యుల పేర్లతో నేటికీ బోధించే శస్త్రచికిత్సలు గర్భాశయాన్ని ఉంచి, దాన్ని పైకి కట్టేవే. ఇంత పేరున్న దేశీయ పద్ధతులుండగా 'తీసేయడమే' తెలుగు వాడుకలో ఏకైక క్రియ ఎలా అయిందన్నది వైద్యచరిత్రకారులు తేల్చవలసిన ప్రశ్న.

5. కట్టడం, కుట్టడం, మూయడం

పైకొస దిగిన ప్రతివారికీ శస్త్రచికిత్స అవసరం లేదు. బాధ లేకపోతే వేచి చూడవచ్చు. కటి కండరాల వ్యాయామం కొందరికి ఊరటనిస్తుంది. యోనిలో అమర్చి, తీసి శుభ్రం చేసుకోగల పెసరీ అనే సిలికాన్ సాధనం చాలామందికి శస్త్రచికిత్సను వాయిదా వేస్తుంది, కొందరికి తప్పిస్తుంది. శస్త్రచికిత్స నిర్ణయమయ్యాక ప్రశ్న ఒకటే: పైకొసను దేనికి కట్టాలి?

మొదటి జవాబు త్రికాస్థి. సాక్రోకాల్పోపెక్సీ అన్న గ్రీకు, లాటిన్ సమాసాన్ని విడదీస్తే త్రికాస్థికి యోనిని బిగించడమని అర్థం. పొట్ట కోసిగాని, లాపరోస్కోపీతో గాని, రోబో సాయంతో గాని లోపలికి వెళ్ళి, యోని ముందువెనక గోడలకు పాలీప్రొపిలీన్ మెష్ కుట్టి, దాని రెండో కొసను త్రికాస్థి పైఅంచు ముందున్న బంధకానికి బిగిస్తారు. కాక్రేన్ సమీక్షలు పోల్చి చూసినప్పుడు, యోనిమార్గపు పద్ధతుల కంటే దీని తర్వాత దిగినట్టు తెలియడం, మళ్ళీ దిగడం, మళ్ళీ ఆపరేషన్ అవసరం కావడం తక్కువ. దీనికి మూల్యమూ ఉంది. అమెరికాలో పొట్ట కోసి ఈ చికిత్స చేసినవారిని ఏడేళ్ళపాటు పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఆ కాలంలో మెష్ కణజాలాన్ని ఒరుసుకుని బయటపడే సంభావ్యత 10.5 శాతం.

రెండో జవాబు శరీరంలోని సొంత బంధకాలు. ఇవి సాధారణంగా యోనిమార్గంలోనే చేసే శస్త్రచికిత్సలు, మెష్ అవసరం లేదు. సాక్రోస్పైనస్ బంధకానికి కడితే కొంతకాలం పిరుదులో నొప్పి ఉండవచ్చు. యోని వెనకకు వంగడం వల్ల ముందుగోడ మళ్ళీ దిగే అవకాశం ఉంది. యుటెరోసాక్రల్ బంధకాలకు కడితే యోని సహజమైన దిశలో ఉంటుంది గాని, పక్కనే పోయే మూత్రనాళం మెలికపడే ముప్పు ఉంది. అందుకే శస్త్రచికిత్స ముగించే ముందు మూత్రాశయంలోకి కెమెరాతో చూసి నిర్ధారించుకుంటారు. ఈ రెండింటినీ 374 మందిలో పోల్చిన అమెరికన్ పరిశోధన 2014లో వెలువడింది. రెండేళ్ళకు విజయం ఒకదానిలో 64.5, మరొకదానిలో 63.1 శాతం. అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇక్కడ 'మెష్' అన్న ఒక్క మాట చేసే గందరగోళాన్ని విడిగా చెప్పాలి. హెర్నియా ఆపరేషన్ల ద్వారా ఈ మాట తెలుగు ఇళ్ళకు పరిచయమే. యోనిమార్గంలో, యోనిగోడ వెనక అమర్చే మెష్ వేరు. పొట్టమార్గంలో త్రికాస్థికి కట్టే మెష్ వేరు. వస్తువు అదే అయినా దారి, చోటు, ఫలితం వేరు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ మొదటిదాని గురించి 2008లో, 2011లో హెచ్చరికలు చేసింది. 2016లో దాన్ని అత్యధిక ముప్పున్న తరగతిలోకి మార్చింది. 2019 ఏప్రిల్ 16న, అవయవాలు దిగడానికి యోనిమార్గంలో వాడే మెష్‌ల అమ్మకాన్ని ఆపాలని ఆదేశించింది. పొట్టమార్గపు మెష్‌కు ఆ ఆదేశం వర్తించదు. బ్రిటన్‌లో 2018లో విధించిన విరామం, 2020 జూలైలో వెలువడిన బారోనెస్ కంబర్లెజ్ సమీక్షా నివేదిక బాధిత స్త్రీలు ఏళ్ళ తరబడి చేసిన పోరాటం నుంచి వచ్చినవి. ఆ స్త్రీలు చెప్పిన నొప్పిని చాలాకాలం 'ఆడవాళ్ళ సహజమైన ఇబ్బంది'గా కొట్టిపారేశారన్నది ఆ నివేదిక గట్టిగా చెప్పిన సంగతి.

తెలుగులో రెండింటికీ 'మెష్' అన్న ఒకే మాట ఉండడం వల్ల రెండు తప్పులు జరగవచ్చు. నిషేధ వార్త విన్న స్త్రీ తనకు మేలు చేయగల సాక్రోకాల్పోపెక్సీని నిరాకరించవచ్చు. లేదా 'హెర్నియాకు వేసేదే' అన్న భరోసాతో దేనికైనా తలూపవచ్చు. 'త్రికాస్థికి కట్టే మెష్', 'యోనిగోడలో పెట్టే మెష్' అని చోటును కలిపి చెబితే చాలు. ఇందుకు కొత్త పదాన్ని సృష్టించనవసరం లేదు. పారిభాషిక పదనిర్మాణమంటే ప్రతిదానికీ సంస్కృత సమాసం వెతకడమేనన్న అలవాటును తెలుగు శాఖలు ఇకనైనా వదులుకోవాలి.

6. 'విజయం' ఎవరి మాట?

పై పరిశోధనలో విజయమన్న మాటకు ఒక నిర్వచనం ఉంది. పైకొస యోని పొడవులో మూడో వంతు మించి దిగకూడదు, ముందువెనక గోడలు కన్యాపొర గీత దాటకూడదు, ఉండలా తగిలి బాధపెట్టకూడదు, మళ్ళీ చికిత్స జరగకూడదు. ఈ నాలుగూ కుదిరితేనే విజయం. నిర్వచనం మారితే అంకె ఎంత మారుతుందో బార్బర్, ఆయన సహచరులు 2009లో చూపారు. ఒకే స్త్రీల సమూహానికి, ఒకే శస్త్రచికిత్సకు పద్దెనిమిది వేర్వేరు నిర్వచనాలు అన్వయిస్తే విజయం 19.2 శాతం నుంచి 97.2 శాతం దాకా మారింది. తమకు నయమైందని స్త్రీలు స్వయంగా చెప్పిన అభిప్రాయంతో ఎక్కువగా కలిసినది కొలతబద్ద కాదు, ఉండ తగలకపోవడం.

సాహిత్య విమర్శకు ఇది అపరిచితమైన సంగతి కాదు. పాఠానికి అర్థం ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్నే ఇక్కడ శరీరం మీద అడగవలసి వచ్చింది. 'ఆపరేషన్ సక్సెస్' అన్న మాట తెలుగులో దాదాపు దేశీయపదమైపోయింది. అది విన్న స్త్రీకి, ఆ సక్సెస్ ఏ కొలతతో వచ్చిందని అడిగే హక్కు ఉందని ఆ మాటలో సూచన లేదు.

7. సమ్మతి

2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు గర్భాశయం తొలగింపుకు సంబంధించినదే. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన స్త్రీకి, ఆమె తల్లి అనుమతితో గర్భాశయం, అండాశయాలు తీసివేశారు. పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు సమ్మతి కాదని, మెలకువ వచ్చాక స్వయంగా నిర్ణయించుకోగల వ్యక్తి తరఫున మరొకరు సమ్మతించడం చెల్లదని కోర్టు తేల్చింది. చికిత్స స్వభావం, ఉద్దేశం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, ముఖ్యమైన ముప్పులు, నిరాకరిస్తే కలిగే పరిణామాలు చెప్పాలని నిర్దేశించింది. ఇందులో 'ప్రత్యామ్నాయాలు' అన్న అంశం కీలకం. పేరు లేని ప్రత్యామ్నాయాన్ని చెప్పడమెలా?

ఈ చిక్కు కాల్పోక్లైసిస్ దగ్గర ముదురుతుంది. 1877లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు లియోన్ లె ఫోర్ వివరించిన పద్ధతి నుంచి ఎదిగిన ఈ చికిత్సలో యోని గోడలను ఒకదానితో ఒకటి కుట్టి మార్గాన్ని మూసివేస్తారు. గర్భాశయం లేనివారికి దాని పూర్తి రూపాన్ని చేస్తారు. సమయం తక్కువ, శరీరంపై భారం తక్కువ, మళ్ళీ దిగడం అరుదు. గుండెజబ్బు, మధుమేహం ఉన్న వృద్ధురాలికి ఇదే మేలైన మార్గం కావచ్చు. కాని ఆ తర్వాత యోనిమార్గ సంభోగం సాధ్యం కాదు. ఈ ఒక్క వాక్యాన్ని తెలుగులో ఎలా అడగాలి?

మర్యాద గల తెలుగులో దీనికి దొరికే మాట 'కాపురం'. 'ఇంకా కాపురం చేస్తున్నారా?' అన్న ప్రశ్న భర్త ఉనికిని బట్టి జవాబు కోరుతుంది. వితంతువుకు ఆ ప్రశ్నే వేయరు. జవాబు ఆమె నుదుట ఉందనుకుంటారు. భర్త ఉన్న స్త్రీ పక్కన ఆయన కూర్చుని ఉంటే ప్రశ్న ఆయన వైపు తిరుగుతుంది. 'ఈ వయసులో ఇంకేం కాపురం' అని కోడలి ముందు నవ్వి ఊరుకునే అరవై ఐదేళ్ళ స్త్రీ మాటను సమ్మతిగా రాసుకునే వీలుంది. అది సమ్మతి కాదు, సభ్యత. కాపురం అన్న మాటలో ఇల్లు, వంట, పిల్లలు, సంసారమంతా ఉన్నాయి. ఆమె ఇష్టానికి మాత్రం విడిగా చోటు లేదు. 'మీ శరీరంలో ఈ మార్గం మూసుకుపోవడం మీకు ఇష్టమేనా? ఇప్పుడు వద్దనుకున్నా తర్వాత కావాలనిపించే అవకాశం ఉందా?' అని ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే, మాటలు మొరటుగా వినిపించినా ప్రశ్న ఆమెదవుతుంది. జవాబు చెప్పడానికి ఆమెకు ఒక పూట, ఒక వారం గడువిస్తే ఆమె పెసరీనే ఎంచుకోవచ్చు, త్రికాస్థికి కట్టించుకోవచ్చు, మూసివేతకే ఒప్పుకోవచ్చు.